ఈ ఏడు సంక్రాంతిని మీ వదినకి వదిలెయ్యి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 46 ఏళ్ళు. మాది గుంటూరు, పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులో ఉంటున్నాం. అన్నయ్య వాళ్ళు బ్రాడీపేటలో మా పాత ఇంట్లోనే ఉంటారు. అక్కది విజయవాడ, సింగ్‌నగర్. ఏడాదికి ఒక్కసారి సంక్రాంతికి నేను, మావారు, ఇద్దరు పిల్లలు గుంటూరు వెళ్తాం. ఐదు రోజులు ఉంటాం. ఒక జనవరి అయిపోగానే మళ్ళీ జనవరి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ బతుకుతాను. అక్టోబర్ నుంచే ఎవరికేం కొనాలో, ఏ రోజు ఎవరింట్లో ఉండాలో రాసుకుంటాను. తీరా వెళ్ళాక పూటకో ఇల్లు, బస్సుల్లో తిరగడం, దేనికీ టైం చాలదు. పోయిన సంక్రాంతికి నేను బస్సెక్కబోతుంటే అక్క "అందరికీ టైం ఉంటుంది నీకు, నా దగ్గరికి వచ్చేసరికి గంటే ఉంటుంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 2024లో బుడమేరు నీళ్ళు వాళ్ళింట్లోకి వచ్చినప్పుడు కూడా ఫోన్లు చేశానే కానీ వెళ్ళలేకపోయాను. వదిన చాలా మంచిది, వాళ్ళ పుట్టిల్లు తెనాలి, ఇన్నేళ్ళలో ఒక్కమాట అనలేదు. కానీ బయల్దేరే రోజు మా మేనకోడలు మాటల్లో "మీరెళ్ళాక అమ్మ రెండ్రోజులు మంచం దిగదు అత్తా" అంది. డిగ్రీ నుంచి ఉన్న స్నేహితురాళ్ళు ఇద్దరు, ఒకామె గుంటూరులో, ఒకామె విజయవాడ పటమటలో, వాళ్ళని చూసి రెండేళ్ళయింది. అమ్మ పోయి మూడేళ్ళు. మావారు "ఇంత టెన్షన్ పడి వెళ్ళడం దేనికి, ఈసారి మానెయ్" అంటున్నారు. మానెయ్యాలా? ఇంతగా ఎదురుచూడటమే నా తప్పా?
ఓ చెల్లెలు, బెంగళూరు

జవాబు:

తల్లీ, మానెయ్యకు. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. నాకు 68 ఏళ్ళు, నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీ అక్క మాట దగ్గర ఆగాను, అందరూ అక్కడే ఆగుతారు. నాలుగోసారి మాత్రం "వాళ్ళ పుట్టిల్లు తెనాలి" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. నువ్వు ఏదో పరిచయం చేస్తున్నట్టు రాసేసి ముందుకు వెళ్ళిపోయావు. ఒక్కటడుగుతాను, కోపం తెచ్చుకోకుండా ఆలోచించు. మీ వదిన ఆఖరుగా సంక్రాంతికి తెనాలి ఎప్పుడు వెళ్ళింది?

గుంటూరు నుంచి తెనాలి ఎంత దూరమని, రైలెక్కితే గంట కూడా పట్టదు. నువ్వు బెంగళూరు నుంచి రాగలుగుతున్నావు, ఆవిడ ఆ గంట ప్రయాణం చెయ్యలేకపోతోంది, ఎందుకంటే ప్రతి సంక్రాంతికీ ఇంటికి ఆడపడుచు వస్తోంది. భోగికి ముందే మీరు నలుగురూ దిగుతారు, కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి కనుమ దాకా ఉంటారు, ముక్కనుమకి మీరు బయల్దేరాక ఇంక ఆవిడకి పండగ ఏం మిగిలింది చెప్పు. ఆవిడకీ అన్నదమ్ములు ఉండే ఉంటారు, వాళ్ళింట్లో కూడా ఎవరో ఒకరు "ఈ ఏడైనా వస్తావా" అని అడుగుతూనే ఉంటారు. నువ్వు ఏడాదంతా ఎదురుచూసే ఆ ఐదు రోజులే ఆవిడ కూడా ఎదురుచూసే రోజులు. ఒకే రోజుల కోసం ఇద్దరు ఆడపిల్లలు ఎదురుచూస్తుంటే, ఒకరు నోరు తెరిచి అడిగారు, ఇంకొకరు అడగలేదు. ఆవిడ ఒక్కమాట అనలేదని నువ్వు మెచ్చుకోలుగా రాశావు చూడు, నాకు మాత్రం అక్కడే దిగులేసింది.

ఇదేదో నీకు బుద్ధి చెప్పాలని రాయడం లేదు. నేనూ ఇదే చేశాను.

మా ఆయనది రైల్వే ఉద్యోగం, ఖరగ్‌పూర్‌లో 19 ఏళ్ళు ఉన్నాం. ఏటా ఎండాకాలం సెలవుల్లో పిల్లలిద్దర్నీ తీసుకుని కోరమండల్ ఎక్కి విజయవాడలో దిగడం, అక్కణ్ణుంచి బస్సులో గుంటూరు, కొరిటెపాడులో మా అన్నయ్య ఇల్లు, పది రోజులు. ఆ పది రోజుల మీదే మిగతా ఏడాది నడిచేది నాకు. 1994లో అలాగే సెలవులు అయిపోయి బయల్దేరాం. బస్టాండ్‌కి వెళ్ళాక చూసుకుంటే రైలు టికెట్లు పెట్టిన పర్సు లేదు. పిల్లల్ని ఆయన దగ్గర వదిలి రిక్షా ఎక్కి వెనక్కి వచ్చాను. మేం గడప దాటి ముప్పావు గంట అయిందేమో. తలుపు తీసే ఉంది. పెరటి నుయ్యి దగ్గర దుప్పట్లు, దిండు గలీబులు, పిల్లల పక్కబట్టలు కుప్పగా పడి ఉన్నాయి, నడుం ఎత్తు. మా వదిన వంటింటి గడప మీద కూర్చుని తింటోంది. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, పక్కన ఒక పచ్చిమిరపకాయ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర, బంగాళాదుంపల వేపుడు, గోంగూర పచ్చడి చేసి, రెండు రోజుల ప్రయాణం అని మొత్తం మా క్యారేజీలో సర్ది పంపింది. తనకి ఒక్క మెతుకు ఉంచుకోలేదు. నన్ను చూసి గబుక్కున గిన్నె వెనక్కి జరిపింది. అది మా అమ్మ గిన్నె, అంచు మీద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు చెక్కించి ఉంటుంది.

పర్సు తీసుకుని వచ్చేశాను. ఆ రోజు ఏమీ మాట్లాడలేకపోయాను. ఖరగ్‌పూర్ వెళ్ళాక ఉత్తరం రాశాను, ఆవిడ పేరు మీద, అన్నయ్య పేరు మీద కాదు. పై ఏడాది పది రోజులు కాకుండా నాలుగు రోజులే ఉన్నాను, అందులో రెండు రోజులు వంటిల్లు నాది, ఆవిడ వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళింది. వెళ్ళనంది ముందు, "ఆడపడుచు వస్తే నేను ఊరెళ్ళడం ఏమిటి, నలుగురూ ఏమనుకుంటారు" అంది. నేనే బస్సెక్కించి వచ్చాను.

ఇప్పుడు నీ సంగతి. ఈ ఏడు సంక్రాంతికి వెళ్ళకు. కార్తీకంలో వెళ్ళు. అది కూడా ఒక్కదానివే వెళ్ళు. పిల్లలకి ఎలాగూ కాలేజీ, స్కూలు ఉంటాయి, మీ ఆయన వాళ్ళని చూసుకుంటారు. నలుగురు వచ్చి దిగడానికీ, ఒక్క మనిషి చిన్న బ్యాగుతో రావడానికీ ఆ ఇంటికి ఎంత తేడానో నీకు వెళ్ళాక తెలుస్తుంది.

కార్తీకం అని ఊరికే అనలేదు. దీపావళి అమావాస్య వెళ్ళాక పాడ్యమి, ఆ తర్వాత విదియ, దాన్ని యమ ద్వితీయ అంటారు, మన పెద్దవాళ్ళు భగినీ హస్త భోజనం అనేవాళ్ళు. యముడు తన తోబుట్టువు యమున ఇంటికి భోజనానికి వెళ్ళిన రోజని చెబుతారు. ఆ రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళ చేతి వంట తినాలి. సంక్రాంతికి ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది, ఈ రోజు మాత్రం మగపిల్లాడు అక్క గడప తొక్కాలి. నేను చెప్పేది ఏమిటంటే, దీపావళి మీ ఇంట్లో మీ వాళ్ళతో చేసుకుని మర్నాడు మధ్యాహ్నం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కు. గుంటూరులో దిగకు. విజయవాడ దాకా వెళ్ళి సరాసరి అక్క ఇంటికి వెళ్ళు. అన్నయ్యని ఆ మధ్యాహ్నం అక్క ఇంటికి భోజనానికి రమ్మను. మీరిద్దరూ కలిసి వండి ఆయనకి వడ్డించండి. అదే రోజు మీ వదిన తెనాలి వెళ్ళి వాళ్ళ అన్నదమ్ములకి తన చేత్తో పెట్టుకుంటుంది. నీ పండగ, ఆవిడ పండగ ఒకే రోజు వచ్చాయి, ఈసారి ఒకదానికొకటి అడ్డం రావు.

టికెట్ సంగతి ఇప్పుడే చూసుకో. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు దొరికేది, 2024 నవంబర్ నుంచి 60 రోజులకి తగ్గించారు. క్యాలెండర్‌లో విదియ ఏ రోజో చూసుకుని, నువ్వు బండెక్కే తేదీ నుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ పొద్దున 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చో. పండగ తర్వాత రోజు కాబట్టి సంక్రాంతికి ఉన్నంత కొట్లాట ఉండదు కానీ అశ్రద్ధ చెయ్యకు. ఆ రోజుల్లో మన వైపు తుఫాన్లు కూడా వస్తుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి వార్తలు చూసుకో.

ఇంక మీ అక్క.

నేను సత్యనారాయణపురంలో ఉంటాను తల్లీ, సింగ్‌నగర్ మాకు ఫ్లైఓవర్ అవతలే. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున లేచేసరికి ఆ వైపంతా నీళ్ళు. ఆ ఫ్లైఓవర్ దాకా పడవలు వచ్చేవి, అక్కడ దింపేవాళ్ళు మనుషుల్ని, చంకలో పిల్లలు, తల మీద మూటలు. డ్రోన్లతో మేడల మీదికి అన్నం పొట్లాలు వేశారు. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్ళు తియ్యలేదు. మేం పాల ప్యాకెట్లు, బిస్కెట్లు పట్టుకుని వెళ్ళేవాళ్ళం, వంతెన మీద నిలబడి అందించడమే, కిందికి దిగే దారి లేదు. నాకు జాకెట్లు కుట్టే అమ్మాయిది అక్కడే. నీళ్ళు తీశాక చూడ్డానికి వెళ్తే ఇంట్లో మోకాలి దాకా బురద కడిగేసి, దండెం మీద పెళ్ళి ఫోటోలు ఆరేసి ఉంది. ఆల్బమ్ అంతా ఒకే అట్టలా అంటుకుపోతే ఒక్కో ఫోటో ఊడదీసి క్లిప్పులు పెట్టింది. సగం ఫోటోల్లో మొహాలు లేవు. కుట్టు మిషను పోయింది, ఫ్రిజ్ పోయింది, వాటి గురించి చెప్పేటప్పుడు మామూలుగానే ఉంది. "వీళ్ళు మా నాన్నండీ" అని రంగు కారిపోయిన ఒక ముక్క చూపించేటప్పుడు గొంతు పూడుకుపోయింది.

మీ అక్క ఇంట్లో ఏం పోయిందో నీకు తెలుసా? ఫోన్లో "అంతా బాగానే ఉన్నాం, నువ్వు కంగారుపడకు" అని ఉంటుంది. తర్వాత వచ్చిన సంక్రాంతికి నువ్వు గంట కూర్చుని కాఫీ తాగి వెళ్ళిపోయావు. గంటలో ఆ మాటలు రావమ్మా. చుట్టూ పిల్లలు, బావగారు, టీవీ, పైన నీ బస్సు టైం. ఆవిడ అడిగింది టైం కాదని నాకనిపిస్తోంది. ఎవరికీ చెప్పుకోని ఒక వారం ఆవిడ దగ్గర మిగిలిపోయి ఉంది, అది చెల్లెలికి చెప్పుకోవాలని ఉండి ఉంటుంది.

అందుకని అక్క ఇంట్లో రెండు రాత్రులు పడుకో. పగలు ఎన్ని గంటలున్నా ఒకటే, రాత్రి వేరు. అందరూ పడుకున్నాక, దీపాలు ఆర్పాక, కింద పక్క వేసుకుని అక్కచెల్లెళ్ళు చీకట్లో మాట్లాడుకునే మాటలు ఇంకెప్పుడూ రావు. గోడ మీద నీళ్ళు నిలిచిన గీత ఎంత ఎత్తున ఉందో చూపించమను. రంగులు వేయించేసి ఉంటే ఎక్కడిదాకా వచ్చిందో చేత్తో చూపించమను. నువ్వు రాలేకపోయినందుకు సంజాయిషీలు చెప్పకు, "రావాల్సింది అక్కా" అను చాలు, తర్వాత ఆవిడనే మాట్లాడనివ్వు.

అప్పుడు గుంటూరు వెళ్ళు. వదిన తెనాలి నుంచి వచ్చాకే వెళ్ళు, రెండు రాత్రులు ఉండు. టిఫిన్ ఇంట్లో చెయ్యనివ్వకు, బ్రాడీపేటలో టిఫిన్‌కి కొదవేమిటి, పొద్దున్నే అన్నయ్యతో పాటు నడిచి వెళ్ళి అందరికీ కట్టించుకు రా. ఆ నడకలో అన్నయ్య నీ ఒక్కదానితో మాట్లాడతాడు, ఇంట్లో అయితే మాట్లాడడు, మగవాళ్ళు ఎదురుగా కూర్చుంటే మాట్లాడలేరు, పక్కన నడుస్తుంటే మాట్లాడతారు. బయల్దేరే ముందు నువ్వు పడుకున్న దుప్పటి నువ్వే ఉతికి ఆరేసి రా.

చీరల గొడవ కూడా ఒకటి ఉంటుంది కదా. అన్నయ్య నీకు చీర పెట్టాలి, నువ్వు వదినకి పెట్టాలి, నచ్చినా నచ్చకపోయినా బీరువాలోకి. ఈసారి పసుపు కుంకుమ, జాకెట్ గుడ్డ చాలని అన్నయ్యకి ముందే చెప్పు. నీకు పెట్టాలని ఉంటే వదినని మంగళగిరి తీసుకెళ్ళి నిజాం బోర్డర్ నేత చీర ఆవిడే ఏరుకుంటే కొనిపెట్టు. కొండెక్కి పానకాల స్వామిని కూడా చూసి రండి. మనం పోసిన పానకంలో సగం తాగి సగం మనకే ఇచ్చేస్తాడు కదా ఆయన, ఆ ప్రసాదం ఇద్దరూ ఒకే గ్లాసులో తాగండి. వదినా ఆడపడుచులు ఒక పూటంతా వంటింటి బయట గడపడం ఎప్పుడైనా జరిగిందా మీ ఇంట్లో?

స్నేహితురాళ్ళ విషయం తేలిక. వాళ్ళకి మిగిలిన టైం ఇవ్వడం అలవాటైపోయింది నీకు, ఎప్పుడూ ఏమీ మిగలదు కాబట్టి రెండేళ్ళయింది. వాళ్ళిళ్ళకి వెళ్ళాలని పెట్టుకోకు, వాళ్ళు మళ్ళీ భోజనాలు, ఏర్పాట్లు అంటారు. కార్తీకమాసం, ఆదివారం వనభోజనాలు పెట్టుకోండి. విజయవాడకీ గుంటూరుకీ మధ్య పెద్ద దూరమేం లేదు, దారిలో ఉసిరి చెట్టున్న తోట ఎక్కడుందో మీ అన్నయ్యకి తెలియకపోదు. ఒకామె పులిహోర తెస్తుంది, ఒకామె దద్దోజనం, అక్క గారెలు, నువ్వు బెంగళూరు నుంచి ఏదైనా స్వీటు. వదిన మాత్రం ఏమీ తేకూడదు, చేతులూపుకుంటూ రావాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఇక్కడి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు కట్టక్కర్లేదు. నీ ఆధార్ బెంగళూరుది అయితే నీకు వర్తించదు కానీ వాళ్ళందరికీ వర్తిస్తుంది. రమ్మంటే వస్తారు. ఇన్నేళ్ళూ నువ్వే ఇల్లిల్లూ తిరిగావు, ఒక్కసారి వాళ్ళని రమ్మని అడిగి చూడు.

మీ ఆయన మీద కోపం పెట్టుకోకు. ఆయన చూసేది నువ్వు తిరిగొచ్చాక ఉండే మొహాన్ని. అక్టోబర్‌లో నీ మొహం ఎలా వెలిగిపోతుందో ఆయనకి తెలుసు కాబట్టే జనవరి చివర్లో చూడలేక ఆ మాటన్నారు.

ఎదురుచూడటం తప్పా అని అడిగావు. తప్పెలా అవుతుంది? 11 నెలలు ఒక ఇంటిని తలుచుకుంటూ పరాయి ఊళ్ళో వంట చేసుకుని, పిల్లల్ని పెంచుకుని బతికిన మనిషిని నేను, నీకు తప్పని ఎలా చెబుతాను. ఒకటి మాత్రం ఉంది, నువ్వు ఎదురుచూసే ఇంట్లో అమ్మ ఇంకా ఉంది. పూటకోరకం వండి పెట్టి, నువ్వు ఎంతసేపు పడుకున్నా లేపని మనిషి. ఆ వంటింట్లో ఇప్పుడున్నది వదిన. ఆవిడ అమ్మలాగే చేస్తోంది, మూడేళ్ళుగా, నీకు అమ్మ లేని లోటు తెలియకూడదని. అమ్మకి నువ్వు కూతురివి కాబట్టి అలసట తెలిసేది కాదు. ఈవిడకి తెలుస్తుంది, అందుకే రెండు రోజులు మంచం దిగలేకపోయింది. మీ మేనకోడలు నిన్ను దెప్పడానికి అని ఉండదు, వాళ్ళమ్మ మీద బెంగతో అని ఉంటుంది. ఆ పిల్లని ఏమీ అడక్కు.

ఈ వారంలోనే వదినకి ఫోన్ చెయ్యి. అన్నయ్య ఫోన్‌కి కాదు, ఆవిడ ఫోన్‌కే, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆవిడ ఒక్కతే ఉండే టైంలో. "వదినా, ఈ సంక్రాంతికి నువ్వు తెనాలి వెళ్ళు, నేను కార్తీకంలో వస్తాను" అని చెప్పు. మొదట "అదేంటమ్మా, నేనేమైనా అన్నానా" అని కంగారు పడుతుంది. పడనివ్వు, ఫోన్ పెట్టెయ్యకు. "తెనాలిలో ఎవరెవరు ఉన్నారు వదినా, ఎలా ఉన్నారు" అని అడుగు. ఇన్నేళ్ళలో ఆ మాట నువ్వు అడిగి ఉండవు. ఆవిడ ఏం చెప్పిందో నాకు మళ్ళీ రాయి, ఎదురుచూస్తుంటాను.